ధరను వెతికిన సోషలిస్టు

బీటెక్‌లో ఆపరేషన్స్ రీసెర్చ్ చదివినవాళ్లకు ఎల్‌పీపీ గుర్తుండే ఉంటుంది. అదే, లీనియర్ ప్రోగ్రామింగ్ ప్రాబ్లమ్. సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి గణితంలోనూ కనిపిస్తుంది. రెండు మెషీన్లు ఉన్నాయి, రెండు రకాల వస్తువులు తయారుచేయాలి, రోజుకు ఇన్ని గంటలే టైముంది, లాభం గరిష్ఠం కావాలంటే ఏది ఎంత చేయాలి? గ్రాఫ్ గీస్తాం, మూలల దగ్గర విలువలు వేస్తాం, పెద్దది ఏదో చూసి రాసేస్తాం. మార్కులు పడతాయి. అక్కడితో మర్చిపోతాం.

ఈ లెక్కకు దారి చూపిన మనిషి ఏ అమెరికన్ కంపెనీలోనో పనిచేసి ఉంటాడనుకుంటాం. కాదు. ఫ్యాక్టరీలన్నీ ప్రభుత్వానివే అయిన దేశంలో, లాభం అన్న మాటనే అనుమానంగా చూసే రోజుల్లో, స్టాలిన్ కాలపు లెనిన్‌గ్రాడ్‌లో ఆయన ఈ పని చేశారు. పేరు లియోనిడ్ కాంటరోవిచ్. సోవియట్ యూనియన్ పౌరుల్లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్నది ఆయనొక్కరే.

పెట్టుబడిదారీ విధానం మంచిదా, సోషలిజం మంచిదా అన్న చర్చ హాస్టల్ గదుల్లో ఎప్పుడూ ఉండేదే. ఒకరు అమెరికాను చూడమంటారు, ఇంకొకరు రష్యా చేసింది తక్కువా అంటారు. అరగంటలో అది మనుషుల స్వార్థం మీదకో, నాయకుల నిజాయతీ మీదకో మళ్లుతుంది. కాంటరోవిచ్ జీవితం తెలిస్తే ఆ చర్చను ఇంకో చోట నుంచి మొదలుపెట్టొచ్చు. వనరులు కొన్నే, అవసరాలు బోలెడు. దేన్ని దేనికి వాడాలి? ఈ లెక్క రెండు వ్యవస్థలూ చేయాల్సిందే. ఎవరు చేస్తారు, ఏ సమాచారంతో చేస్తారు, ఎవరి కోసం చేస్తారు అన్న దగ్గరే దారులు విడిపోతాయి.

పద్నాలుగేళ్లకే యూనివర్సిటీ

కాంటరోవిచ్ 1912 జనవరి 19న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఓ యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రి డాక్టర్. పిల్లాడికి ఐదేళ్లప్పుడు విప్లవం వచ్చింది. తర్వాత అంతర్యుద్ధం. కుటుంబం ఏడాది పాటు బెలారస్ వెళ్లి తలదాచుకుంది. 1922లో తండ్రి చనిపోయారు. అప్పటి నుంచి పెంపకమంతా తల్లిదే.

1926లో, పద్నాలుగేళ్ల వయసులో లెనిన్‌గ్రాడ్ యూనివర్సిటీలో గణితంలో చేరారు. మన దగ్గర ఆ వయసు పిల్లలు తొమ్మిదో తరగతిలో ఉంటారు. 18 ఏళ్లకు డిగ్రీ పూర్తి, 22 ఏళ్లకు ప్రొఫెసర్. 1935లో సోవియట్ యూనియన్ మళ్లీ డాక్టరేట్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, అప్పటికే చేసిన పరిశోధన చాలని థీసిస్ లేకుండానే ఆయనకు డిగ్రీ ఇచ్చేశారు. అప్పటికి ఆయన పని అంతా శుద్ధ గణితం. ఫంక్షనల్ అనాలిసిస్ లాంటి విషయాలు. ఫ్యాక్టరీలతో సంబంధం లేదు.

బయట ప్రపంచం మాత్రం రెండుగా చీలి ఉంది. 1929లో న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. 1933 నాటికి అమెరికాలో పని చేయగలిగినవాళ్లలో నలుగురిలో ఒకరికి ఉద్యోగం లేదు. యంత్రాలు ఉన్నాయి, పనివాళ్లు ఉన్నారు, ఆకలి కూడా ఉంది. మూడింటినీ కలిపే కొనుగోలుదారుడే లేడు. సరిగ్గా అప్పుడే సోవియట్ యూనియన్ 1928లో మొదలుపెట్టిన తొలి పంచవర్ష ప్రణాళికతో ఉక్కు మిల్లులు, డ్యాములు కడుతోంది. నిరుద్యోగం లేదని ప్రకటించుకుంది. ప్రపంచమంతా చాలామంది యువకులు అటు ఆశగా చూశారు. వాళ్లకు సరిగా కనిపించని సంగతి ఒకటుంది. రైతుల భూముల్ని బలవంతంగా సామూహిక క్షేత్రాల్లో కలిపి, ధాన్యం లాక్కోవడంతో 1932-33లో ఉక్రెయిన్, కజక్‌స్థాన్ లాంటి చోట్ల లక్షల మంది ఆకలితో చనిపోయారు. రెండు వ్యవస్థలూ తమ తమ తప్పులకు జనంతోనే మూల్యం కట్టించాయి.

చెక్క పొరల లెక్క

1938లో ప్లైవుడ్ ట్రస్ట్ అనే ప్రభుత్వ సంస్థ లేబొరేటరీ నుంచి కొందరు ఇంజినీర్లు 26 ఏళ్ల ఈ ప్రొఫెసర్ దగ్గరికి వచ్చారు. దుంగల నుంచి పల్చటి చెక్క పొరలు ఒలిచే యంత్రాలు ఎనిమిది ఉన్నాయి. కలప ఐదు రకాలు. ఒక్కో యంత్రం ఒక్కో కలపను ఒక్కో వేగంతో ఒలుస్తుంది. ఏ యంత్రానికి ఏ కలప ఇస్తే, కావాల్సిన పాళ్లలో మొత్తం ఉత్పత్తి ఎక్కువగా వస్తుంది?

వినడానికి చిన్న సందేహం. పాత పద్ధతిలో అన్ని అవకాశాలూ సరిచూడాలంటే మాత్రం కోట్ల సంఖ్యలో సమీకరణాల వ్యవస్థలు సాధించాలి. కంప్యూటర్ లేని రోజులు.

విషయం అర్థం కావడానికి దీన్ని చిన్నది చేసి చూద్దాం. అంకెలు నావి, లెక్క మాత్రం ఆ జాతిదే. రెండు యంత్రాలు అనుకోండి. పాతది గంటకు టేకు పొరలు 10 లేదా మామిడి పొరలు 20 ఒలుస్తుంది. కొత్తది ఏదైనా సరే గంటకు 30. ఒక టేకు, ఒక మామిడి కలిస్తే ఒక జత. షిఫ్టు 8 గంటలు. మామూలుగా ఏం చేస్తాం? రెండు యంత్రాల మీదా సగం టైము టేకు, సగం టైము మామిడి. టేకు 160 వస్తాయి, మామిడి 200 వస్తాయి. జతలు 160 మాత్రమే. మిగతా 40 మామిడి పొరలు మూలన పడుంటాయి.

ఇప్పుడు పాత యంత్రాన్ని పూర్తిగా మామిడికి వదిలేయండి. 160 పొరలు వస్తాయి. కొత్త యంత్రం మీద 6 గంటల 40 నిమిషాలు టేకు, మిగిలిన గంటా 20 నిమిషాలు మామిడి నడపండి. టేకు 200, మామిడి 160 ప్లస్ 40, అంటే అదీ 200. జతలు 200. కొత్త యంత్రం కొనలేదు, ఓవర్‌టైమ్ చేయలేదు, ఎవరినీ తిట్టలేదు. ఉత్పత్తి 25 శాతం పెరిగింది.

కాంటరోవిచ్ ఇలాంటి లెక్కలకు ఒక సాధారణ పద్ధతి కనిపెట్టారు. అది చెక్కకే పరిమితం కాదని వెంటనే గ్రహించారు. రేకులు వృథా కాకుండా కోయడం, ముడి చమురు శుద్ధి చేయడం, ఏ భూమిలో ఏ పంట వేయాలో తేల్చడం, సరుకు రైళ్లు నడపడం, అన్నీ ఒకే కుదురు లెక్కలు. 1939లో లెనిన్‌గ్రాడ్ యూనివర్సిటీ దీన్ని చిన్న పుస్తకంగా అచ్చువేసింది. ఆయన ఆశ పెద్దది. దేశం మొత్తాన్ని ఒక పెద్ద ఫ్యాక్టరీగా నడుపుతున్న వ్యవస్థకు ఇంతకన్నా పనికొచ్చే గణితం ఏముంటుంది?

లెక్కలోంచి బయటపడ్డ ధర

చిక్కు ఇక్కడే మొదలైంది. పై ఉదాహరణలో షిఫ్టు అయిపోయాక కొత్త యంత్రాన్ని ఇంకో గంట వాడుకునే వీలు దొరికిందనుకోండి. దానివల్ల అదనంగా 15 జతలు వస్తాయి. పాత యంత్రం మీద అదనపు గంట దొరికితే 10 జతలే. అంటే కొత్త యంత్రం గంట విలువ 15, పాతదాని గంట విలువ 10. మొత్తం సరిచూసుకోండి: 8 సార్లు 15, 8 సార్లు 10 కలిపితే 200. ఉత్పత్తికి సరిగ్గా సరిపోయింది.

ఈ విలువల్ని ఎవరూ బేరమాడి తేల్చలేదు. మార్కెట్ లేదు, వ్యాపారి లేడు. ఉత్తమమైన ప్లాన్ వెతుకుతుంటే అవి వాటంతటవే లెక్కలోంచి వచ్చాయి. ఇప్పుడు మనం వీటిని షాడో ప్రైసెస్ అంటున్నాం. ఒక వనరు ఇంకొంచెం ఉంటే ఎంత మేలు జరుగుతుందో, లేకపోతే ఎంత నష్టపోతామో చెప్పే అంకెలివి.

సోవియట్ అధికారిక సిద్ధాంతం ప్రకారం విలువను సృష్టించేది మనిషి శ్రమ ఒక్కటే. యంత్రానికో, భూమికో, వేచి ఉండే కాలానికో సొంతంగా విలువ కట్టడమంటే అద్దె, వడ్డీ అనే పెట్టుబడిదారీ భావాలను దొడ్డిదారిన తేవడమే. కాంటరోవిచ్ లెక్క సరిగ్గా ఆ పనే చేస్తోంది. మంచి భూమి తక్కువ ఉంటే దానికి విలువ వస్తుంది. డ్యాము ఇప్పుడు కట్టాలా, ఐదేళ్ల తర్వాతా అని తేల్చాలంటే కాలానికీ విలువ కట్టాలి. ఆయనకు ఇది తెలుసు. అందుకే ధర అన్న మాట వాడకుండా జాగ్రత్తపడ్డారు. మొదట వాటిని గుణకాలు అన్నారు. తర్వాత వాస్తవ పరిస్థితులు నిర్ణయించే విలువలు అంటూ చాంతాడంత పేరు పెట్టారు.

ఆయన సోషలిజానికి వ్యతిరేకి కాదు. ఉద్దేశం పూర్తిగా వేరు. ప్రణాళిక బాగా పనిచేయాలంటే సరైన ధరలు కావాలి, ఆ ధరల్ని గణితంతో కనుక్కోవచ్చు. అంతే.

వియన్నా నుంచి వచ్చిన సవాలు

ఇదే ప్రశ్న మీద యూరప్‌లో అప్పటికే పెద్ద వాదన నడిచింది. 1920లో ఆస్ట్రియా ఆర్థికవేత్త లుడ్విగ్ ఫాన్ మీజెస్ ఒక సవాలు విసిరారు. యంత్రాలు, గనులు, ఫ్యాక్టరీలు అన్నీ ప్రభుత్వానివే అయితే వాటిని కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఉండరు. కొనుగోలు లేకపోతే ధర ఉండదు. ధర లేకపోతే రైలు పట్టా ఇనుముతో వేయాలా ఇంకోదానితోనా అన్నది కూడా తెలివిగా తేల్చలేరు. అందుకే సోషలిజంలో ఆర్థిక లెక్క అసాధ్యం అన్నది ఆయన వాదన. పోలండ్‌కు చెందిన ఆస్కార్ లాంగే లాంటి సోషలిస్టులు ఒప్పుకోలేదు. ప్లానింగ్ బోర్డు ధరలు ప్రకటించి, కొరత వస్తే పెంచుతూ, మిగిలితే తగ్గిస్తూ పోతే సరిపోతుందన్నారు.

కాంటరోవిచ్ పని ఈ వాదనలో సగాన్ని తేల్చేసింది. మార్కెట్ లేకుండా ధర పుట్టదన్న మాట గణితపరంగా నిలబడదు. సమాచారం మొత్తం చేతిలో ఉంటే సమీకరణాలే ధరలిస్తాయి.

మిగతా సగం ఫ్రెడరిక్ హయెక్ పట్టుకున్నారు. ఆయన 1945లో రాసిన వ్యాసం సారాంశం ఇది: ఆ సమాచారం ఒకే చోట ఎప్పుడూ ఉండదు. ఏ యంత్రం ఏ రోజు మొరాయిస్తుందో దాన్ని నడిపేవాడికి తెలుసు. ఏ వీధిలో ఏం అమ్ముడవుతుందో ఆ కొట్టువాడికి తెలుసు. అందులో చాలా భాగాన్ని కాగితం మీద కూడా పెట్టలేరు. ధర మారినప్పుడు ఎవరికి వాళ్లు సర్దుకుంటారు, కారణం తెలియకపోయినా సరే. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, కాంటరోవిచ్ సాల్వర్ రాశారు. దానికి ఇన్‌పుట్ ఎవరిస్తారని హయెక్ అడిగారు.

యుద్ధం, తర్వాత మౌనం

1941లో జర్మన్ సైన్యం లెనిన్‌గ్రాడ్‌ను చుట్టుముట్టింది. నగరం ఆకలితో అల్లాడింది. గడ్డకట్టిన లడోగా సరస్సు మీదుగా లారీల్లో తిండి తెచ్చి, మనుషుల్ని బయటికి తరలించారు. కాంటరోవిచ్ అప్పుడు నౌకాదళ ఇంజినీరింగ్ విద్యాసంస్థలో ప్రొఫెసర్. మంచు మందాన్ని, చలిని బట్టి లారీకీ లారీకీ మధ్య ఎంత దూరం ఉండాలో లెక్కగట్టే పని ఆయన మీద పడింది. తర్వాత ఆ సంస్థను యారొస్లావ్ల్‌కు తరలించారు.

అక్కడే 1942లో దేశ ఆర్థిక వ్యవస్థ మొత్తానికి తన పద్ధతిని ఎలా వాడొచ్చో వివరిస్తూ పెద్ద పుస్తకం రాశారు. వనరుల ఉత్తమ వినియోగం దాని విషయం. కేంద్ర ప్రణాళికా సంస్థ గాస్ప్లాన్‌కు తీసుకెళ్లి చూపించారు. వాళ్లకు నచ్చలేదు. ఇది మార్క్స్‌కు విరుద్ధమన్నారు. ఆ రోజుల్లో అలాంటి ముద్ర పడితే ఉద్యోగం పోవడంతో ఆగేది కాదు, ప్రాణం కూడా పోవచ్చు. ఆయన ఆర్థిక విషయాలు పక్కనపెట్టి మళ్లీ గణితంలోకి వెళ్లిపోయారు. సోవియట్ అణు కార్యక్రమానికి అవసరమైన గణనలు చేసే బృందాన్ని నడిపారు. ఫంక్షనల్ అనాలిసిస్ మీద చేసిన పనికి 1949లో స్టాలిన్ ప్రైజ్ వచ్చింది. ఏ రాజ్యం ఆయన గణితానికి బహుమతి ఇచ్చిందో, అదే రాజ్యంలో ఆయన అర్థశాస్త్రం సొరుగులోనే ఉండిపోయింది. ఆ పుస్తకం అచ్చయింది 1959లో, రాసిన 17 ఏళ్లకు.

తుక్కు తగ్గితే తంటా

మధ్యలో ఒక చిన్న ప్రయోగం జరిగింది. 1940ల చివర్లో లెనిన్‌గ్రాడ్‌లోని ఎగోరొవ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ఉక్కు రేకులు కోయడానికి ఈ పద్ధతి వాడారు. పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసింది. తుక్కు బాగా తగ్గిపోయింది. సంతోషించాలి కదా? ఆ ఫ్యాక్టరీ నుంచి ఇంత తుక్కు రావాలని ఉక్కు మిల్లుల ప్లాన్‌లో ముందే రాసి ఉంది. తుక్కు రాకపోవడంతో ఆ లక్ష్యం తప్పింది. పైగా ఈ ఏడాది సాధించినదాని మీద వచ్చే ఏడాది ఇంకా మెరుగుపరచాలన్నది రూలు. రేకును దాదాపు పూర్తిగా వాడేశాక ఇంకేం మెరుగుపరుస్తారు?

సోవియట్ వ్యవస్థ అసలు జబ్బు ఈ కథలో ఉంది. లక్ష్యం దాటితే వచ్చే ఏడాది లక్ష్యం పెరుగుతుంది. అందుకని తెలివైన మేనేజర్ తన ఫ్యాక్టరీ నిజమైన సామర్థ్యం ఎప్పుడూ బయటపెట్టడు. ముడిసరుకు కావాల్సినదానికన్నా ఎక్కువ అడుగుతాడు, గోదాములో దాచుకుంటాడు. ఐటీ ఉద్యోగులకు ఇది కొత్తగా అనిపించదు. ఐదు రోజుల పని మూడు రోజుల్లో అయిపోయిందని చెబితే వచ్చే స్ప్రింట్‌లో ఏమవుతుందో అందరికీ తెలుసు. అలాంటి అంకెలు పైకి వెళ్తుంటే, పైన ఎంత గొప్ప గణితం ఉన్నా ఏం లాభం?

ఆటు నుంచి అమెరికా

విచిత్రం ఏమిటంటే, అదే సమయంలో అట్లాంటిక్ అవతల కూడా ఇదే లెక్క జరుగుతోంది. డచ్ ఆర్థికవేత్త టియాలింగ్ కూప్‌మాన్స్ యుద్ధకాలంలో వాషింగ్టన్‌లో ఉండి, మిత్రదేశాల సరుకు ఓడలు ఖాళీగా తిరగకుండా ఎలా నడపాలన్న సమస్య మీద పనిచేశారు. 1947లో అమెరికా వైమానిక దళం కోసం జార్జ్ డాంట్జిగ్ సింప్లెక్స్ మెథడ్ తయారుచేశారు. మనం పరీక్షలో టేబుళ్లు వేసి చేసేది అదే. లీనియర్ ప్రోగ్రామింగ్‌లో ప్రోగ్రామింగ్ అంటే కోడ్ రాయడం కాదు. సైన్యం తన ప్రణాళికల్ని ప్రోగ్రామ్స్ అనేది, ఆ పేరే నిలిచిపోయింది. అంటే పెట్టుబడిదారీ దేశంలో ప్లానింగ్ కోసం, ప్లానింగ్ దేశంలో ధర కోసం ఒకే గణితం పుట్టింది.

1950ల మధ్యలో కాంటరోవిచ్ పాత పుస్తకం సంగతి కూప్‌మాన్స్‌కు తెలిసింది. ఉత్తరం రాశారు. ఆయన పూనికతోనే 1960లో ఆ పుస్తకం ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఇరవై ఏళ్ల క్రితమే ఒకరు అక్కడికి చేరుకున్నారని పశ్చిమ దేశాలకు అప్పుడు అర్థమైంది.

స్టాలిన్ 1953లో చనిపోయాక సోవియట్ యూనియన్‌లోనూ గాలి మారింది. కాంటరోవిచ్ 1960లో సైబీరియాలోని నొవొసిబిర్స్క్ సైన్స్ నగరానికి వెళ్లి గణిత అర్థశాస్త్ర విభాగం నిర్మించారు. ట్యాక్సీ ఛార్జీల మీద కూడా ఆయన బృందం పనిచేసింది. ఎక్కగానే కొంత స్థిర ఛార్జీ, తర్వాత కిలోమీటరుకు తక్కువ రేటు పెడితే డ్రైవర్లు దగ్గరి బేరాలు కాదనరని సూచించింది. క్యాబ్ యాప్‌లో బేస్ ఫేర్ చూసినప్పుడు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి. 1965లో నెమ్చినొవ్, నొవొజిలొవ్‌లతో కలిపి ఆయనకు లెనిన్ ప్రైజ్ ఇచ్చారు. అదే ఏడాది మొదలైన కొసిగిన్ సంస్కరణల్లో ఫ్యాక్టరీలు తమ దగ్గరున్న యంత్రాలకు ప్రభుత్వానికి రుసుము కట్టాలన్న నిబంధన వచ్చింది. ఇరవై ఏళ్ల క్రితం అనకూడని మాట ఇప్పుడు ప్రభుత్వ ఉత్తర్వు అయింది. కానీ కొన్నేళ్లకే సంస్కరణలు నీరుగారాయి. ధరలు నిజం చెబితే మంత్రిత్వశాఖలకు అధికారం తగ్గుతుంది మరి.

1974లో నోబెల్ అందుకున్నవాళ్లలో హయెక్ ఉన్నారు. మరుసటి ఏడాది, 1975లో, వనరుల ఉత్తమ కేటాయింపు సిద్ధాంతానికి కాంటరోవిచ్, కూప్‌మాన్స్ పంచుకున్నారు. ఒక సోషలిస్టు, ఒక పెట్టుబడిదారీ దేశపు శాస్త్రవేత్త ఒకే ఫలితానికి ఒకే వేదిక ఎక్కారు. డాంట్జిగ్‌కు రాకపోవడం కూప్‌మాన్స్‌ను బాధపెట్టింది. కాంటరోవిచ్ 1986 ఏప్రిల్ 7న మాస్కోలో కన్నుమూశారు. ఐదేళ్లకు, 1991 డిసెంబర్‌లో, ఆయన దేశమే లేకుండా పోయింది.

మరి ఏది గెలిచినట్టు?

అదే 1991లో మన దగ్గర ప్రధాని పీవీ నరసింహారావు ప్రభుత్వం లైసెన్సుల పద్ధతిని సడలించి మార్కెట్‌కు తలుపులు తెరిచింది. అంతకుముందు మూడు దశాబ్దాలకు పైగా మహలనోబిస్ నమూనా ప్రభావంతో మన పంచవర్ష ప్రణాళికలు నడిచాయి. ఎవరు ఎంత సిమెంటు తయారుచేయాలో, ఎన్ని స్కూటర్లు చేయాలో ఢిల్లీలో తేల్చేవాళ్లు. స్కూటర్ బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసిన కథలు ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. ఆ ఎదురుచూపు కూడా ఒక ధరే. డబ్బుతో కాకుండా కాలంతో కట్టారంతే.

అందుకే చాలామంది మార్కెట్ గెలిచింది, కథ ముగిసిందంటారు. కాంటరోవిచ్ లెక్కను ఇంకొంచెం జాగ్రత్తగా చూస్తే అంత తేలిక కాదు.

ఎల్‌పీపీలో మొదటి లైను ఏమిటి? మ్యాగ్జిమైజ్ జెడ్. అంటే దేన్ని పెంచాలనుకుంటున్నామో ముందే రాసుకోవాలి. లెక్క మొత్తం ఆ తర్వాతే. షాడో ప్రైస్ కూడా ఆ జెడ్‌ను బట్టే వస్తుంది. గణితం జెడ్‌ను ప్రశ్నించదు. సోవియట్ యూనియన్‌లో జెడ్‌ను రాసింది పార్టీ పెద్దలు. ట్యాంకులకు ఎక్కువ మార్కులు, చెప్పులకు తక్కువ మార్కులు వేసుకున్నారు. చెప్పులు కావాల్సిన మనిషికి దాన్ని మార్చే దారి లేదు, ఓటు లేదు, పత్రిక లేదు, ఇంకో దుకాణం లేదు.

మార్కెట్‌లో జెడ్ ఎవరూ రాయరు. అందరి పర్సులూ కలిసి రాస్తాయి. పర్సు పెద్దదైతే మార్కులు ఎక్కువ, ఖాళీ అయితే సున్నా. 1943 బెంగాల్ కరవును అధ్యయనం చేసి అమర్త్యసేన్ 1981లో చూపించింది ఇదే. తిండి పూర్తిగా లేక కాదు, కొనే శక్తి లేక జనం చనిపోయారు. మార్కెట్ తన లెక్క తాను తప్పు లేకుండా చేసుకుపోయింది, ఆ లెక్కలో ఆకలికి మార్కులు లేవు. అలాగే నదిలోకి రసాయనాలు వదిలే ఫ్యాక్టరీకి ఆ నీటి ధర సున్నా. నిజమైన విలువ సున్నా కాదని కాంటరోవిచ్ లెక్క వేస్తే వెంటనే తెలుస్తుంది. కాబట్టి రెండు వ్యవస్థల్ని పోల్చేటప్పుడు మూడు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవడం మంచిది. నిజమైన సమాచారం పైకి రావడానికి, అది చెప్పినవాడికి లాభం ఉందా? తప్పు జరిగితే ఎవరు నష్టపోతారు, ఎంత త్వరగా దిద్దుకుంటారు? జెడ్ రాయడంలో ఎవరికి చోటుంది? మొదటి రెండింటిలో మార్కెట్ చాలాసార్లు ముందుంటుంది. నష్టం వచ్చిన దుకాణం మూతపడుతుంది, నష్టం వచ్చిన ప్రభుత్వ శాఖ ఇంకో బడ్జెట్ అడుగుతుంది. మూడో ప్రశ్నకు మార్కెట్ దగ్గర సొంతంగా సమాధానం లేదు. రేషన్ బియ్యం, ప్రభుత్వ ఆస్పత్రి, ఉచిత చదువు, కాలుష్యం మీద పన్ను లాంటివన్నీ జెడ్‌ను ఓటుతో సవరించే ప్రయత్నాలే. అందుకే ఇవాళ పూర్తి పెట్టుబడిదారీ దేశం గానీ, పూర్తి సోషలిస్టు దేశం గానీ దాదాపు కనిపించవు.

మీ ఉద్యోగంలో ఆయన

ఇప్పుడు ఏఐ వచ్చింది, డేటా అంతా ఉంది, ఇక ప్లానింగ్ సాధ్యమే అనేవాళ్లూ ఉన్నారు. నిజమే, అమెజాన్ లాంటి కంపెనీ తన గోదాముల్లో ఏ వస్తువు ఎక్కడుండాలో ప్లాన్ చేసే తీరు చూస్తే గాస్ప్లాన్ అసూయపడాలి. కానీ ఆ ప్లాన్ చుట్టూ మార్కెట్ ధరలున్నాయి, తప్పు చేస్తే కస్టమర్ వెళ్లిపోతాడన్న భయం ఉంది. కంప్యూటర్ వేగం పెరిగితే సాల్వర్ సమస్య తీరుతుంది. మేనేజర్ అబద్ధపు అంకెలు పంపడం, జెడ్‌ను ఎవరో నలుగురే రాయడం, ఈ రెండూ వేగంతో తీరవు.

కెరీర్ కోణంలోనూ ఈ మనిషిని తెలుసుకోవడం దండగ కాదు. సప్లయ్ చెయిన్, విమానాల షెడ్యూలింగ్, పవర్ గ్రిడ్, డెలివరీ రూటింగ్, డైనమిక్ ప్రైసింగ్, అన్నిటిలోనూ ఆయన లెక్కే నడుస్తోంది. 1942లో యుద్ధం మధ్య ఆయన రాసిన కొద్ది పేజీల పేపర్ నుంచి ఎదిగిన ఆప్టిమల్ ట్రాన్స్‌పోర్ట్‌ను ఇవాళ మెషిన్ లెర్నింగ్‌వాళ్లు వాసర్‌స్టీన్ డిస్టెన్స్ పేరుతో వాడుతున్నారు. ఆపరేషన్స్ రీసెర్చ్ సబ్జెక్టును పాస్ మార్కుల కోసం చదివి వదిలేయకండి. పైథాన్‌లో ఒక ఉచిత సాల్వర్ దించుకుని పై చెక్క పొరల లెక్క వేసి చూడండి. అది డ్యుయల్ విలువలని ఇచ్చే 15, 10 అంకెలే ఒకప్పుడు ఒక మనిషి పుస్తకాన్ని 17 ఏళ్లు సొరుగులో పెట్టించాయి.

ఆ తర్వాత ఏ కంపెనీలో చేరినా, మీ చేతికి ఒక ఆబ్జెక్టివ్ ఫంక్షన్ ఇచ్చి గరిష్ఠం చేయమంటారు. డెలివరీ టైము తగ్గించమంటారు, క్లిక్కులు పెంచమంటారు. కన్‌స్ట్రెయింట్లలో డెలివరీ కుర్రాడి ప్రాణం ఉందో లేదో ఒకసారి చూసుకోండి. లేకపోతే సాల్వర్ దాని విలువ సున్నా అనుకుంటుంది.